పోలీసుకు చూపించే కాగితం

నలభై ఏళ్లు రెండు చక్రాల మీదే తిరిగాను. విజయవాడ సింగ్‌నగర్‌లో ఇల్లు, గన్నవరం అవతల బడి. మొదట బజాజ్ చేతక్, ఆ తర్వాత రెండు హీరో హోండాలు. మొండికేసిన చేతక్‌ను ఓ పక్కకు వంచి కిక్కు కొట్టడం దగ్గర్నుంచి చైను బిగించడం దాకా అన్నీ వచ్చు. డిక్కీలో మడతపెట్టి ఉంచిన ఇన్సూరెన్స్ కాగితాన్ని మాత్రం ఒక్క ఏడూ చదవలేదు. పిల్లల చేత పాఠాలు చదివించిన మాస్టారి సంగతి ఇది. మొన్న మనవడికి కొత్త బండి కొన్నాక, వాడి కోసం ఇది రాయాలనిపించింది.

1. పోలీసు అడిగేది వేరు, మనకు అక్కరకొచ్చేది వేరు.

ఏజెంటు ఏటా అడిగేవాడు, "మాస్టారూ, థర్డ్ పార్టీయా, ఫుల్లా?" అని. "పోలీసు ఆపితే ఏది చాలు?" అనేవాణ్ని. థర్డ్ పార్టీ చాలనేవాడు. "అయితే అదే రాయి." 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది అదొక్కదాన్నే. అది లేకుండా దొరికితే ఇప్పుడు మొదటిసారి జరిమానా 2,000 రూపాయలు. 2022లో ఖరారు చేసిన రేటు ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి ఏడాది ప్రీమియం 714, పైన జీఎస్టీ. మన బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకిచ్చే పరిహారం కంపెనీ భరిస్తుంది. ఇల్లమ్మినా తీరని అప్పు నుంచి కాపాడే కాగితం అది, దాన్ని చిన్నచూపు చూడను. కానీ మన బండి విరిగినా, పోయినా, కాలిపోయినా అందులోంచి పైసా రాదు. ఆ తేడా తెలియకుండానే నేను అందరితో "ఇన్సూరెన్స్ ఉంది" అని చెప్పుకు తిరిగాను.

2. వెనక సీటు మనిషి మూడో మనిషి కాడు.

2011 వానాకాలం. నూజివీడులో పెళ్లి చూసుకుని బావమరిదిని వెనక ఎక్కించుకుని వస్తున్నాను. చీకటిపడింది, గేదె అడ్డమొచ్చింది, బ్రేకు గట్టిగా నొక్కాను. నాకు మోచేయి గీసుకుపోయింది. అతనికి తొడ ఎముక విరిగింది. ఆసుపత్రి వరండాలో మా ఆవిడతో ధీమాగా అన్నాను, "కంగారు పడకు, బండికి ఇన్సూరెన్స్ ఉంది."

మర్నాడు తెలిసిన వకీలు టీ కొట్టు దగ్గర ఆ కాగితం తిరగేసి చూశాడు. "మాస్టారూ, ఇది రోడ్డు మీద వాళ్లకి. వెనక కూర్చున్నాయన ఇందులో లేడు. ఫుల్ పాలసీ అయితే ఉండేవాడు. ఇప్పుడు పరిహారం కావాలంటే మీ బావమరిది మీ మీదే కేసు వేయాలి" అన్నాడు. ఉత్త థర్డ్ పార్టీ పాలసీలో వెనక కూర్చున్నవాడికి రక్షణ రాదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పిందట. ఫుల్ పాలసీలో వెనకాయన కూడా ఉన్నట్టేనని బీమా నియంత్రణ సంస్థ 2009లో కంపెనీలకు రాసిందట. రెండూ నా ప్రమాదానికి ముందువే. ఆ ఏడు నేను మిగుల్చుకున్నది కొన్ని వందల రూపాయలు. తొడలో రాడ్డు వేయించడానికి మా ఆవిడ గొలుసు తాకట్టుకెళ్లింది. బావమరిది ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

3. ఐదేళ్ల మాటలో నాలుగేళ్లు సగం ఖాళీ.

మనవడి బండి తెచ్చిన రోజు షోరూం కుర్రాడు "ఐదేళ్లదాకా ఇన్సూరెన్స్ సంగతి చూసుకోనక్కర్లేదు తాతగారూ" అన్నాడు. ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. కాగితం మీద గడువు తేదీలు రెండున్నాయి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. సొంత డ్యామేజీ భాగం మాత్రం ఏడాదికే. ఆ తర్వాత దాన్ని విడిగా, నచ్చిన కంపెనీ దగ్గర తీసుకోవచ్చు. రెండో తేదీ చూడనివాడు రెండో ఏడు నుంచి, 2011లో నేనున్న చోటే ఉంటాడు.

4. నీళ్లలో నానిన బండిని స్టార్ట్ చేయకూడదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకి వచ్చింది. నీళ్లు తీశాక మా అబ్బాయి స్కూటర్ హ్యాండిల్‌కు గుర్రపుడెక్క వేలాడుతోంది. ఫుల్ పాలసీ ఉంది. వాడు తాళం ముట్టుకోలేదు. ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, ట్రాలీ ఆటోలో షెడ్డుకు పంపాడు. పక్కింటాయనకూ ఫుల్ పాలసీయే, కానీ ఆత్రం కొద్దీ సెల్ఫ్ నొక్కాడు. ఇంజన్ పట్టేసింది. నొక్కడం వల్లే పాడైందని సర్వేయర్ రాశాడు. మా వాడికీ మొత్తం రాలేదు. ప్లాస్టిక్, రబ్బరు సామానుకు సగమే ఇస్తారు. ఆ కోత వద్దనుకుంటే జీరో డిప్రిసియేషన్ కలుపుకోవాలి. ఈ రోజుల్లో స్కూటరంటే సగం ప్లాస్టిక్కే కదా.

అదే వరదలో మునిగిన నా పాత బండికి థర్డ్ పార్టీయే. దాన్ని తుక్కు కింద తూకానికి ఇచ్చాను. అందుకు మాత్రం బాధపడలేదు. పన్నెండేళ్ల బండికి కంపెనీ కట్టే విలువే అంతంత మాత్రం.

5. చిన్న గీతకు పెద్ద రాయితీ పోగొట్టుకోకూడదు.

క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే సొంత డ్యామేజీ ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు, అలా పెరుగుతూ 50 దాకా వెళుతుంది. మా అబ్బాయి ఓసారి అద్దం, ఇండికేటరు విరిగాయని క్లెయిమ్ చేసి ఆ మెట్లన్నీ దిగాడు. పాలసీ ముగిసి తొంభై రోజులు దాటినా ఇదే గతి.

6. బండి ఎవరి పేరున ఉంటే ప్రమాద బీమా వారికే.

యజమాని తనే నడుపుతూ ప్రమాదంలో పోతే కుటుంబానికి 15 లక్షలు వస్తాయి. 2018 దాకా రెండు చక్రాల బండికి అది లక్షే. అయితే నడిపే యజమానికి లైసెన్సుండాలి. డబ్బు నాది గనక మనవడి బండిని నా పేరు మీద రాయించాను. నా లైసెన్సు గడువు తీరి రెండేళ్లయింది. రోజూ కాలేజీకి నడిపేది వాడు, బీమా మాత్రం పడక్కుర్చీలో కూర్చున్న నాకు!

పోయిన వారం ఆర్‌సీ, పాలసీ రెండూ వాడి పేరుకు మార్పించాను. కాగితం మీద తన పేరు చూసుకుని, "తాతా, నీకు పదిహేను లక్షలు పోయినట్టే" అన్నాడు.