కరెంటు బిల్లు చదువుట యెట్లు?

కోయంబత్తూరు ప్రాంతమున స్థిరపడిన మన తెలుగువారికిని విద్యుచ్ఛక్తికిని గల సంబంధము నేటిది కాదు. 1930వ దశకమున పైకారా జలవిద్యుత్తు వచ్చిన పిమ్మట ఇచట నూలు మిల్లులు విస్తరిల్లెను. 1937లో జి. డి. నాయుడుగారును, డి. బాలసుందరం నాయుడుగారును ఇచటనే విద్యుత్ మోటారును తయారుచేసిరి. నేడు మన పాఠశాల పిల్లల తలిదండ్రులలో పలువురు అట్టి మోటారులనే నమ్ముకొని పిండిమరలు, లేత్ షెడ్లు, మరమగ్గములు నడుపుకొనుచున్నారు. అయినను కరెంటు బిల్లును మనలో ఎందరు చదువుచున్నారు? అది తెలుగున ఉండదు గనుక, అడుగున నున్న మొత్తమును మాత్రము చూచి, నిట్టూర్చి చెల్లించుచున్నాము. గిరాకి తగ్గిన నెలలో ఆ మొత్తమే పిల్లల ఫీజునకు అడ్డు వచ్చుచున్నది. కావున దీనిని ఒక పాఠముగా నేర్చుకొందము.

మొదట యూనిట్ అననేమి? వెయ్యి వాట్ల పరికరము ఒక గంట పనిచేసిన ఖర్చగు విద్యుత్తే ఒక యూనిట్. ఒక హార్స్‌పవర్ 746 వాట్లకు సమానము. 10 హార్స్‌పవర్ మోటారు నిండు పనితో గంట నడచిన ఏడున్నర యూనిట్లు, మోటారులో వృథా యగునది కలుపుకొనిన మఱికొంత ఖర్చగును.

బిల్లులో ముఖ్యముగా రెండు రుసుములుండును. ఒకటి వాడిన యూనిట్లకు. రెండవది మనము ముందుగా వ్రాయించుకొన్న లోడునకు. కల్యాణమండపమును బాడుగకు తీసికొన్నవారు, విందునకు నూరుమంది వచ్చినను పదిమంది వచ్చినను బాడుగ యీయవలసినదే గదా! లోడు రుసుమును అట్టిదే. పాత యంత్రమును అమ్మివేసియు లోడు తగ్గించుకొనని వారు లేని యంత్రమునకు బాడుగ కట్టుచున్నారు. విద్యుత్ కార్యాలయమున దరఖాస్తు చేసి తగ్గించుకొనవచ్చును. అయితే నడచు యంత్రములకు చాలనంతగా తగ్గింపరాదు. వ్రాయించిన లోడు మించినచో అదనపు రుసుము పడును.

పెద్ద మోటారులు గలవారు పవర్ ఫ్యాక్టర్ అను అంకెను గూడ చూడవలెను. పాలతోబాటు నురుగు చెంబులో చోటు నాక్రమించునట్లు, మోటారు పని చేయు విద్యుత్తుతోబాటు పని చేయని విద్యుత్తును గూడ తీగలలో నడిపించును. ఈ అంకె ఒకటికి ఎంత దగ్గరైన అంత మేలు. నియమిత పరిమితికంటె తగ్గినచో కొన్ని కనెక్షన్లకు అపరాధ రుసుము విధింతురు. తగిన కెపాసిటరు దీనికి మందు. అది ఎంతటిది కావలెనో లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచే కొలిపించుకొనవలెను.

ఇక వాడుకను గూర్చి ఒక లెక్క. ఒక షెడ్డులో చోకుతో గూడి 50 వాట్లు తీసికొను పాత ట్యూబులైట్లు పది యున్నవనుకొందము. రోజుకు పది గంటలు వెలిగిన 5 యూనిట్లు. వానికి బదులు 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు వేసిన 2 యూనిట్లే. రోజుకు 3, మూడువందల పనిదినములకు 900 యూనిట్లు మిగులును. యూనిట్ వెల ఎనిమిది రూపాయలనుకొన్న 7,200 రూపాయలు.

మోటారుల విషయమున మూడు మాటలు చాలును. పని లేనప్పుడు ఊరక తిరుగనీయరాదు. బెల్టు వదులుగా నుండరాదు. కాలిన మోటారును పలుమారులు చుట్టించి వాడుటకంటె, ఒక్కొక్కప్పుడు మంచి కొత్త మోటారు కొనుటే చౌక యగును. ఎర్తింగు, ఫ్యూజుల వద్ద మాత్రము పొదుపు పనికిరాదు. అచట మిగుల్చుకొన్న రూపాయి ప్రాణమునకే ముప్పు తెచ్చును.

తలిదండ్రులకు మా మనవి యొకటి. ఈసారి బిల్లు వచ్చినప్పుడు మీ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. బడిలో నేర్చిన తమిళముతో వాడు చదివి, దాని యర్థమును మీకు తెలుగున చెప్పవలెను. ప్రతి ఉదయము మీటరు అంకెను ఒక నోటుపుస్తకమున వ్రాసి, నిన్నటి అంకెను తీసివేయుట వాని పనిగా పెట్టుడు. నెల తిరుగునప్పటికి రూపాయి ఎచట జారిపోవుచున్నదో ఇంటిల్లిపాదికిని తెలియును. బడిలో నేర్చిన తీసివేత అక్కరకు వచ్చుట బిడ్డకును కన్నులార కనబడును.