కంప్యూటరులోని చిట్టా

పూర్వము వర్తకుని దుకాణమున రెండు పుస్తకములుండెడివి. ఏ పూట వ్యవహారము ఆ పూట, జరిగిన వరుసలో వ్రాయునది చిట్టా. ఎవరి ఖాతా వారిదిగా విడదీసి నిలువ తేల్చునది ఆవర్జా. ఎంత బాకీయో ఆవర్జా చెప్పును. ఆ బాకీ ఏనాడు, ఎవరిచేత, ఎట్లు ఏర్పడినదో చిట్టా చెప్పును. తగవు వచ్చినపుడు చిట్టా తీయక తప్పదు.

నేడు పంచాయతీ లెక్కలు కంప్యూటరునకెక్కినవి. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ స్వరాజ్ అట్టి వెబ్ వ్యవస్థలలో ఒకటి. ఏ వెబ్ వ్యవస్థయందైనను లెక్కలు నిలువయుండు డేటాబేసు ఆవర్జా వంటిది. దానికి తోడు చిట్టాయు ఉండవలెను. దానినే ‘లాగ్’ అందురు.

ఒక ఉదాహరణము చూతము. ఒకరి ఇంటిపన్ను బాకీ 1,200 రూపాయల నుండి 200 రూపాయలకు మార్చబడినదనుకొందము. ఖాతాలో 200 మాత్రమే కనబడును. పాత అంకె మాయమగును. లాగ్ ఉన్నచో అందులో ఒక వరుస చేరును: తేదీ, గంట, మార్చినవారి ప్రవేశనామము, ఏ కంప్యూటరు చిరునామా నుండి వచ్చిరి, ఏ ఖాతా, పాత అంకె, కొత్త అంకె, పని నెరవేరెనా, లేదా. ఆ వరుసను బట్టి రసీదును వెదకి, నిజము తేల్చవచ్చును.

ఈ చిట్టా నమ్మదగినది కావలెనన్న మూడు నియమములు పాటింపవలెను.

మొదటిది: మార్పును దాని నమోదును విడదీయరాదు. రెండును జరుగవలెను, లేదా రెండును రద్దు కావలెను. అయితే విఫలమైన ప్రయత్నములను మాత్రము విడిగా వ్రాయవలెను. లేనిచో రద్దయిన పనితోబాటు దాని జాడయు చెరిగిపోవును.

రెండవది: లాగ్‌లో కొత్త వరుస చేర్చుటకే గాని, పాతదానిని దిద్దుటకు, తుడుచుటకు ప్రోగ్రామునకు అధికారమీయరాదు. పొరపాటు జరిగినచో సవరణను మరియొక వరుసగా చేర్చవలెను. నకలు వేరొక యంత్రమున భద్రపరుపవలెను.

మూడవది: పాస్‌వర్డులు, ఓటీపీలు, ఆధార్ సంఖ్యలు లాగ్‌లోనికి రానీయరాదు. దానిని చదువువారు పలువురుందురు.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ సంస్థ జారీచేసిన ఆదేశముల ప్రకారము లాగ్‌లను 180 దినములు నిలువయుంచవలెను. ఆడిట్ తరచు సంవత్సరాంతము తరువాత జరుగును గనుక, ధనసంబంధమైన చిట్టాను అంతకంటె ఎక్కువకాలము ఉంచుట మేలు.

చిట్టా సరిగా లేనిచో కలుగు కీడునకు బ్రిటను దేశమే సాక్షి. అచ్చట 1999 నుండి తపాలా శాఖలలో హొరైజన్ అను కంప్యూటరు వ్యవస్థను నెలకొల్పిరి. అది చూపిన లోటును నమ్మి, 900 మందికి పైగా ఉపపోస్టుమాస్టర్లను దోషులుగా నిర్ణయించిరి. కొందరు చెరసాల పాలైరి. ఆ వ్యవస్థలో దోషములున్నవనియు, పోస్టుమాస్టరునకు తెలియకుండ దూరమునుండి ఇతరులు అతని లెక్కలలో వ్యవహారములు చేర్చగలిగిరనియు 2019 డిసెంబరులో లండను హైకోర్టు తీర్పు చెప్పినది. 2024లో పార్లమెంటు చట్టము చేసి అట్టి శిక్షలను రద్దుపరచినది. వ్రాసినవారెవరో తేలని లెక్క నిర్దోషిని దొంగగా నిలబెట్టినది.

మన గ్రామములందును ఇట్టి ప్రమాదము లేకపోలేదు. తీరిక లేదనియో, కంప్యూటరు తెలియదనియో డిజిటల్ సంతకపు పరికరమును, పాస్‌వర్డును వేరొకరి చేతికిచ్చు అలవాటు కొన్నిచోట్ల కలదు. లాగ్ మనిషి ముఖమునెరుగదు, ప్రవేశనామమునే ఎరుగును. మీ పేరుతో ఎవరు ప్రవేశించినను, చెల్లింపును ఆమోదించినది మీరే యని అది వ్రాయును. మిమ్ము కాపాడవలసిన చిట్టాయే అపుడు మీపై సాక్ష్యము పలుకును.

కావున సభ్యులు రాబోవు సమావేశమున ఈ మూడు ప్రశ్నలు వేయుదురుగాక: సంతకపు పరికరము ఎవరి వద్ద నున్నది? ప్రతి ఉద్యోగికి వేరు ప్రవేశనామమున్నదా? గత నెలలో పన్ను లెక్కలందు ఏ మార్పులు, ఎవరిచే జరిగినవి? మూడవదానికి జవాబు చిట్టాలో ఉండవలెను. లేదని తేలినచో, ఆ లోపమును తీర్మానముగా వ్రాసి పై అధికారులకు పంపుట సభ్యుల విధి.