కెనడాలో ‘ఇంక్’ కాంట్రాక్టు పీఆర్‌కు పనికొస్తుందా?

కెనడాలో చదువు ముగించి ఐటీ ఉద్యోగం వెతుక్కునే మన పిల్లలను రిక్రూటర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘టీ4 మీద చేస్తారా, ఇంక్ మీదా?’ టీ4 అంటే కంపెనీయో ఏజెన్సీయో మిమ్మల్ని ఉద్యోగిగా పెట్టుకుని, పన్ను మినహాయించి జీతం ఇవ్వడం. ఇంక్ అంటే మీరే ఒక కంపెనీ రిజిస్టర్ చేయించి, దాని పేరున ఇన్వాయిస్ పంపి డబ్బు తీసుకోవడం. అమెరికాలో డబ్ల్యూ2, సీ2సీ అని వింటుంటామే, దాదాపు అలాంటి తేడానే. ఇంక్‌లో గంట రేటు సాధారణంగా ఎక్కువ, వ్యాపార ఖర్చులూ చూపించుకోవచ్చు. సీనియర్లు అలాగే చేస్తున్నారు కదా అని చాలామంది సరేనంటారు. ఆ సీనియర్లలో చాలామందికి అప్పటికే పీఆర్, అంటే శాశ్వత నివాస హోదా, వచ్చేసిందన్న సంగతి మాత్రం గుర్తుకు రాదు.

పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ మీద ఉన్నవారు పీఆర్ కోసం ఎక్కువగా నమ్ముకునేది ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలోని కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌ను. అందరూ సీఈసీ అంటారు. దరఖాస్తుకు ముందు 3 ఏళ్లలో కెనడాలో కనీసం ఏడాది, అంటే 1,560 గంటలు, నైపుణ్యమున్న పని చేసి ఉండాలి. వారానికి 30 గంటలకు మించి ఎంత చేసినా 30 గానే లెక్క. ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లోని 87.1 సెక్షన్ మరో మాట కూడా చెబుతుంది: స్వయం ఉపాధిలో గడిపిన కాలాన్ని ఇందులో కలపకూడదు. మరి సొంత కంపెనీ ద్వారా చేసిన కాంట్రాక్టు స్వయం ఉపాధేనా?

చాలా సందర్భాల్లో అవుననే అనుకోవాలి. ‘నా కంపెనీలో నేనే ఉద్యోగిని, జీతం తీసుకున్నాను, టీ4 కూడా ఉంది’ అని వాదించేవారున్నారు. తాము పనిచేసే సంస్థలోనే పెద్ద వాటా, నిర్వహణపై అదుపు ఉన్నవారిని సాధారణంగా స్వయం ఉపాధి కిందే చూడాలని అధికారులకు ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైగా ఓటు హక్కున్న షేర్లలో 40 శాతానికి మించి తన అదుపులో ఉన్న వ్యక్తికి ఆ కంపెనీలో చేసే పనిపై ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ వర్తించదు. అంటే ఆ టీ4లో ఇన్సూరెన్స్ కోత లేకపోవడం చూసినా విషయం బయటపడుతుంది.

‘పేరుకే కాంట్రాక్టు, నిజానికి నేను క్లయింటు ఉద్యోగినే’ అన్న రెండో వాదనకు కొంత బలముంది. ఒకే క్లయింటు, వాళ్ల ల్యాప్‌టాప్, వాళ్లు చెప్పిన వేళలు, వాళ్ల మేనేజర్. ఇన్వాయిస్ ఒక్కటే తేడా. కెనడా కోర్టులు కూడా కాగితం మీది పేరును కాక అసలు సంబంధాన్ని చూస్తాయి. 1986 నాటి వీబ్ డోర్ కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు, 2001లో సాగజ్ కేసులో సుప్రీంకోర్టు చూసినవి ఇవే: పనిపై అదుపు ఎవరిది, పరికరాలు ఎవరివి, లాభనష్టాలు ఎవరు మోస్తున్నారు, ఆ మనిషి సొంతంగా వ్యాపారం చేస్తున్నట్టా కాదా. ఇమ్మిగ్రేషన్ అధికారులూ ఇంచుమించు ఇవే అంశాలు పరిశీలిస్తారు. కానీ నిరూపించుకోవాల్సింది మీరు. స్వతంత్ర కాంట్రాక్టర్‌నని ఒప్పందంలో మీరే సంతకం పెట్టి ఉంటారు, మధ్యలో మీ కంపెనీ ఉంటుంది. అలాంటి ఫైలు మీద భవిష్యత్తును పందెం కాయవద్దని నా సలహా.

ఈ నిబంధన ఎంత గట్టిదో వైద్యుల విషయంలో తెలిసింది. చూసిన రోగులను బట్టి ప్రభుత్వం నుంచి ఫీజు తీసుకునే డాక్టర్లు కూడా స్వయం ఉపాధి కిందకే వచ్చి సీఈసీకి దూరమయ్యారు. వాళ్ల కోసం 2023లో ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్లకు అది వర్తించదు.

బాధ కలిగించేది ఏమిటంటే, ఇందులో చేసిన తప్పేమీ ఉండదు. ఓపెన్ వర్క్ పర్మిట్ ఉన్నవారు సొంత కంపెనీ పెట్టుకోవచ్చు. పని చట్టబద్ధం, పన్నూ కట్టారు. అయినా ఆ నెలలు సీఈసీ లెక్కలోకి రావు. పోస్ట్ గ్రాడ్యుయేషన్ పర్మిట్ ఒక్కసారే ఇస్తారు, గరిష్ఠంగా 3 ఏళ్లకే. అందులో 6 నెలలు టీ4 మీద, 18 నెలలు ఇంక్ మీద గడిపారనుకోండి. రెండేళ్లు కష్టపడినా చేతికొచ్చేది 780 గంటలే. మిగిలిన ఏడాదిలో మరో 780 సంపాదించాలి. అయితే ఈ గంటలు వరుసగా ఉండాలన్న నియమం లేదు. ఇప్పుడు టీ4కు మారినా పాత గంటలు 3 ఏళ్ల గడువులో ఉంటే కలిసొస్తాయి.

కాంట్రాక్టు అనే మాటకే భయపడనక్కర్లేదు. ఏజెన్సీ మిమ్మల్ని ఉద్యోగిగా పెట్టుకుని 6 నెలలకే పని ఇచ్చినా అది ఉద్యోగమే. కాబట్టి రేటు మాట్లాడే ముందే ‘ఇదే పని టీ4 మీద ఇస్తారా?’ అని అడగండి. గంటకు నాలుగు డాలర్లు తగ్గినా పీఆర్ వచ్చేదాకా అదే మేలు.

ఇప్పటికే ఇంక్ మీద ఉన్నవారికి ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ ప్రోగ్రాం ఒకటుంది. గత 10 ఏళ్లలో ఏడాది పాటు ఎడతెగకుండా చేసిన నైపుణ్య పనిని, స్వయం ఉపాధి అయినా, అక్కడ ఒప్పుకుంటారు. 100కి 67 పాయింట్లు రావాలి, సాధారణంగా బ్యాంకులో సెటిల్‌మెంట్ నిధులూ చూపాలి. కాకపోతే ఈమధ్య ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ డ్రాలు చాలావరకు సీఈసీ వారికో, ప్రత్యేక కేటగిరీలకో పరిమితమవుతున్నాయి. అందుకే దీన్ని మొదటి దారిగా పెట్టుకోవద్దు.

ఎవరైనా ‘క్లయింటు చేత ఉద్యోగి అని లెటర్ రాయిద్దాం’ అంటే వినొద్దు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే 5 ఏళ్ల నిషేధం పడుతుంది. మీరేం పని చేశారో మీరే రాసుకున్న అఫిడవిట్ కూడా చెల్లదు. స్వయం ఉపాధి అనుభవాన్ని చూపాలంటే కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రాలు, ఆదాయపు రుజువులు, చేసిన పనిని, చెల్లించిన మొత్తాన్ని తెలుపుతూ క్లయింటు ఇచ్చే లేఖ కావాలి. ప్రాజెక్టు ముగిసి మేనేజర్ మారిపోయాక ఆ లేఖ దొరకడం కష్టం. అక్కడ పని చేస్తుండగానే అడిగి తీసుకోండి.