ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయితే మీరు కట్టాల్సింది ఎంత?

ప్రజావాణిలో కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన నా ముందు ఒక చీటీ పెట్టాడు. తెల్ల కాగితం ముక్క మీద పెన్నుతో 18,000 అని రాసి, కింద పొట్టి సంతకం. ఆసుపత్రి పేరు లేదు, తేదీ లేదు, దేనికి తీసుకున్నారో లేదు. "ఆరోగ్యశ్రీలనే ఆపరేషన్ అయింది సారూ. అయినా కట్టమన్నరు. బిడ్డ గొలుసు కుదువ పెట్టి తెచ్చిన" అన్నాడు. ఆసుపత్రి వాళ్లను అడిగితే, ఆ చీటీ మాది కాదన్నారు. ఆ డబ్బులు ఆయనకు తిరిగి రాలేదు.

అసలు ఆయన ఒక్క రూపాయి కూడా కట్టాల్సిన పని లేదు. ఎందుకో చూద్దాం.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. అంతకుముందు 5 లక్షలు ఉండేది. ఇది మనిషికి ఇంత అని కాదు, ఇంటిల్లిపాదికీ కలిపి. ఈ డబ్బు మీ చేతికి రాదు. ఒక్కో చికిత్సకు ఆరోగ్యశ్రీ ట్రస్ట్ ముందే ఒక ధర పెట్టి ఉంటుంది. దాన్నే ప్యాకేజీ అంటారు. ఆ ధరకు ఒప్పుకుని సంతకం పెట్టిన ఆసుపత్రే నెట్‌వర్క్ ఆసుపత్రి. "గవర్నమెంటు ఇచ్చేది మాకు గిట్టదు, మిగతాది మీరు కట్టుకోండి" అని ఎవరైనా అంటే, ఆ గిట్టుబాటు సంగతి ఆసుపత్రికీ ట్రస్ట్‌కీ మధ్య తేలాల్సింది. బిల్లులు ఆలస్యంగా వచ్చినా అంతే. మీకు సంబంధం లేదు.

ప్యాకేజీలో ఏమేమి ఉంటాయో చాలామందికి తెలియదు. డబ్బులు పోయేది అక్కడే. జనరల్ వార్డులో మంచం, డాక్టర్ల ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, మందులు, రక్తం, ఆక్సిజన్, ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు, లోపల వేసే స్టెంటు లేదా రాడ్డు, పేషెంటుకు భోజనం అన్నీ అందులోనివే. ఇంటికి పోయాక వాడే పది రోజుల మందులు కూడా ఆసుపత్రే ఇవ్వాలి. తిరుగు ప్రయాణానికి బస్సు చార్జీ సైతం ఉంది. డిశ్చార్జి రోజు హడావుడిలో మీతో సంతకం పెట్టించుకునే కాగితాల్లో ఆ చార్జీ ముట్టిందన్న రసీదు ఒకటి ఉంటుంది. చదువు రాకపోతే వార్డులో ఎవరితోనైనా చదివించుకోండి. చేతికి రాని డబ్బుకు సంతకం పెట్టకండి.

డబ్బులు అడిగే తీరు సాధారణంగా రెండు రకాలు. "అప్రూవల్ వచ్చేదాకా అడ్వాన్స్ కట్టండి" అనేది మొదటిది. ప్రాణం మీదికి వచ్చిన కేసుల్లో ఫోన్ మీదే అనుమతి తీసుకునే వీలు ఆసుపత్రికి ఉంది. "స్కీంలో వచ్చే స్టెంటు మామూలుది, తేడా కడితే మంచిది వేస్తాం" అనేది రెండోది. ఇది వినగానే ఇంట్లోవాళ్లకు భయం వేస్తుంది, అది సహజం. అయితే వెంటనే ఒప్పుకోకుండా, ఆ మాటే కాగితం మీద రాసివ్వమని అడగండి. చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది.

ఏసీ గది కావాలని అడిగేముందు ఒకసారి ఆలోచించండి. పథకం లెక్క జనరల్ వార్డుకే. గది మారితే కేసు పథకం నుంచి బయటికి పోతుందేమో ముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది. లోపలికి అడుగు పెట్టగానే క్యాష్ కౌంటరుకు కాదు, అక్కడికి వెళ్లాలి.

"మీ జబ్బు ఆరోగ్యశ్రీలో రాదు" అంటే ఇంకో ప్రశ్న వేయండి: పథకంలోనే లేదా, లేక ఈ ఆసుపత్రిలో లేదా? కొన్ని చికిత్సలు ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు. అక్కడికి వెళితే ఉచితమే. నిజంగానే జాబితాలో లేకపోతే డబ్బు కట్టక తప్పదు. అప్పుడు కూడా ఖర్చు అంచనా ముందే రాయించుకోండి. మందుల పెట్టె మీద ఉన్న ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోకూడదు. గుండె స్టెంట్లకు 2017 నుంచి కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది, బిల్లులో స్టెంటు ధర విడిగా చూపించాలి. ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టాలన్నా ఒరిజినల్ బిల్లులే కావాలి, చీటీలు పనికిరావు.

కొడుకు కంపెనీ ఇచ్చిన ప్రైవేటు ఇన్సూరెన్సు ఉన్నవాళ్లు గది అద్దె పరిమితి చూసుకోండి. పాలసీలో రోజుకు 3,000 ఉండి మీరు 6,000 గదిలో చేరితే, చాలా పాలసీల్లో గది తేడా ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, థియేటరు చార్జీల్లో కూడా సగం మీ మీద పడుతుంది. మందులకు, లోపల వేసే పరికరాలకు ఈ కోత పెట్టకూడదు. డిశ్చార్జి బిల్లుకు కంపెనీ మూడు గంటల్లోపు అనుమతి చెప్పాలని 2024లో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. ఆలస్యం వల్ల పెరిగిన చార్జీ కంపెనీయే భరించాలి.

ఎవరైనా డబ్బు అడిగితే ఆసుపత్రిలో ఉండగానే 104కు ఫోన్ చేయండి. అడిగినవాళ్ల పేరు, సమయం, ఎంత అడిగారో చెప్పండి. కట్టక తప్పని పరిస్థితి వస్తే ఆసుపత్రి పేరు, తేదీ, దేనికి తీసుకున్నారో రాసి ఉన్న ముద్ర బిల్లు తీసుకోండి. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచండి.