చిన్న వంటిల్లు, ఇద్దరికి చోటు

కొల్లాపూర్‌లో అద్దెకు పోర్షన్ చూడబోతే ఇంటివాళ్లు హాలు చూపిస్తారు, బెడ్రూం చూపిస్తారు, నల్లా తిప్పి నీళ్లు చూపిస్తారు. వంటిల్లు చివర్లో, గడప దగ్గర నిలబడే చూపించేస్తారు. లోపలికి పోవడానికి చోటుంటే కదా! రెండడుగుల వెడల్పు బండ, కింద సిలిండర్ గూడు, పైన రెండు సెల్పులు, గోడకు ఒక కిటికీ. అంతే.

కొత్తగా ఉద్యోగం వచ్చి ఈ ఊళ్లో దిగినవాళ్లు, పెళ్లయి వేరుకాపురం పెట్టినవాళ్లు, మెస్సు తిండి విసుగెత్తినవాళ్లు, వీళ్లందరికీ ఇంత వంటిల్లే దొరుకుతుంది. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఇదే పద్ధతి. వంట అస్సలు రాదనుకునే చెప్తున్నాను.

ముందు బండ ఖాళీ చేయండి

బండ మీద పొయ్యి, తాగునీళ్ల బిందె, ఉప్పు డబ్బా తప్ప మరేదీ ఉండకూడదు. రోజూ వాడేవి చెయ్యెత్తితే అందే సెల్పులో, వారానికోసారి వాడేవి పై సెల్పులో పెట్టండి. ఆర్నెల్లుగా ముట్టనివి అటక మీదికి పోవాలి. దీనికి ఒక పూట చాలు. ఒకే సైజు డబ్బాలు కొని పేర్లంటించడం ఇప్పుడే వద్దు, మీరేం తింటారో మీకే ఇంకా తెలియదు.

తర్వాత పీట వేయండి

అసలు పని ఇది. వంటింట్లో రెండో మనిషి కూర్చోడానికి చోటుండాలి. కట్టెపీటైనా సరే, ప్లాస్టిక్ స్టూలైనా సరే. పొయ్యికి ఎదురుగా కాకుండా పక్కగా, నూనె చిందితే పడనంత దూరంలో, వండేవాళ్ల మొహం కనపడేట్టు వేయండి. చోటు చాలకపోతే గడప అవతల వేసి తలుపు తీసిపెట్టండి. తలుపు అడ్డమొస్తే ఇంటివాళ్లనడిగి ఊడదీయించండి.

ఎందుకింత పట్టుదల అంటే, చిన్న వంటింటికి లోకమంతా ఎరిగిన ఒక పాత నమూనా ఉంది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కట్టే కొత్త ఇళ్ల కోసం మార్గరెట్ షూటె-లిహోత్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ ఒక వంటిల్లు గీసింది. వెడల్పు సుమారు ఆరడుగులు, పొడవు పదకొండడుగులు. ఎన్ని అడుగులు వేస్తే ఏ పని అవుతుందో లెక్కగట్టి, పప్పులకూ పిండ్లకూ సొరుగులు పెట్టి, సమయం కలిసొచ్చేలా చేసింది. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. ఇప్పుడు మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నవాటికి మూలం అదే. అయితే అందులో ఒక్కరే పని చేయగలరు. వండే ఆడమనిషి ఇంట్లో వాళ్లందరికీ దూరంగా ఆ గదిలో ఒంటరిగా మిగిలిందని తర్వాతివాళ్లు తప్పుపట్టారు. మన పోర్షన్లలోని వంటిళ్లు ఆ సొరుగులనైతే తెచ్చుకోలేదు గానీ ఆ ఒంటరితనాన్ని మాత్రం తెచ్చుకున్నాయి.

పీట మీద కూర్చున్నవాళ్లు ఊరికే ఉండరు. ఎల్లిగడ్డ పొట్టు తీస్తారు, పుంటికూర తెంపుతారు, చింతపండు పిసుకుతారు. పక్కింటి అవ్వ వస్తే "ఏం వండుతున్నవు బిడ్డా?" అని అడిగి, మీరు చెప్పేలోపే చేట ఒళ్లోకి లాక్కుంటుంది. వంట నేర్చుకోవడానికి అంతకన్నా మంచి అదను రాదు. "జర కూసో అవ్వా" అనడానికి పీటంటూ ఉండాలి.

గ్యాసు, గాలి, వెలుతురు

ఇక్కడ ప్రేమ కన్నా జాగ్రత్త ముఖ్యం. సిలిండర్ నిలబెట్టే ఉండాలి, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి కిటికీ ఉందని ధీమా పడకండి. సిలిండర్ గూటికి తలుపుంటే దాని అడుగున రంధ్రాలుండాలి. రబ్బరు పైపు మీద ఉన్న తేదీ చూసుకుని ఐదేళ్లకు మార్చండి. వాసన వస్తే లైటు స్విచ్చు వేయొద్దు, ఉన్నది ఆపొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి.

వెలుతురు సంగతికొస్తే, మన వంటిళ్లలో బల్బు ఎప్పుడూ వెనక గోడకే ఉంటుంది. వండేవాళ్ల నీడ గిన్నెలో పడి, ఉల్లిగడ్డ వేగిందో మాడిందో కనపడదు. పొయ్యి పైన సెల్పు అంచుకు ఒక పసుపుపచ్చ వెలుగు ఎల్ఈడీ పట్టీ పెట్టిస్తే గది సగం మారిపోతుంది. గోడలకు లేత రంగు సున్నం, కిటికీలో కొత్తిమీర కుండీ పెట్టుకుంటే ఇంకా మంచిది. కుదరకపోతే లోటేం లేదు.

అలంకారాల గురించి బెంగ పడేవాళ్లు మస్తానమ్మను తలుచుకోండి. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామపు ఆ ముసలమ్మకు నూరేళ్లు దాటాయని చెప్పేవారు. పొలం గట్టున మూడు రాళ్ల పొయ్యి పెట్టి, టమాటా తొక్కు గోళ్లతో ఒలిచి వండుతుంటే యూట్యూబులో దేశదేశాలవాళ్లు చూశారు. 2018 డిసెంబరులో ఆమె పోయే నాటికి ఆ వంటింటికి గోడలు కూడా లేవు.

మొదటి వారం సామాను

కందిపప్పు కిలో, బియ్యం, చింతపండు, పల్లినూనె, ఉప్పు, కారం, పసుపు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, నువ్వులు, బెల్లం ముక్క, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. పచ్చిసరుకు తప్ప అంతకు మించి కొనకండి. కందిపప్పు తాండూరుదని చెప్తే తీసుకోండి. ఆ ప్రాంతపు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గిన్నెల్లో కుక్కరు, మందపాటి పెంక, ఒక సర్వ, ఒక స్టీలు కడాయి, గంటె. నాన్‌స్టిక్ పెంక మాత్రం వద్దు, జొన్న రొట్టెకు కావలసినంత వేడి దానికి పనికిరాదు.

నీళ్ల మాట ఒకటి. ఈ మెట్టప్రాంతాల్లో చాలా బోరునీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. వాటిలోని సున్నం పప్పును ఉడకనివ్వదు. ఎన్ని విజిల్సొచ్చినా పప్పు పలుకుగానే ఉందంటే తప్పు మీది కాదు, నీళ్లది. పప్పుకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టుకోండి. ఫ్లోరైడ్ పోతుందని కొందరు నీళ్లు మరిగిస్తుంటారు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కనవుతుంది.

పొయ్యి వెలిగించకుండా మొదటి వంట: పచ్చి పులుసు

కొత్తవాళ్లకు ఇది వరం. నిమ్మకాయంత చింతపండు గంటసేపు నానబెట్టండి. చేత్తో పిసికి, పిప్పి తీసేసి, మూడు గ్లాసుల నీళ్లు కలపండి. ఉల్లిగడ్డ ఒకటి సన్నగా కోసి ఉప్పుతో నలపండి, దాని ఘాటు పులుసులోకి దిగుతుంది. రెండు పచ్చిమిరపకాయలు సెగ మీద కాల్చి (అవును, ఇక్కడా, చివర పోపుకూ కాస్త వెలిగించాలి) చిదిమి వేయండి. చిటికెడు జీలకర్ర పొడి, చెంచాడు వేయించిన నువ్వుల పొడి, చిన్న బెల్లం పలుకు, కొత్తిమీర. చివర్న ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. రుచి చూడండి. పులుపెక్కువైతే నీళ్లు, చప్పగా ఉంటే ఉప్పు. ఏ దశలోనైనా దిద్దుకోవచ్చు, మాడదు, అడుగంటదు. ముద్దపప్పుతోనో కిచిడీతోనో తినండి.

రెండోది: పుంటికూర పప్పు

ఆంధ్రావాళ్ల గోంగూరే మన పుంటికూర. ఇందులో నేర్చుకోవలసింది ఒక్క సంగతే. పులుపు ముందు వేస్తే పప్పు ఉడకదు. గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల నీళ్లు, పసుపు, చుక్క నూనె వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించండి. వేరే కడాయిలో నూనెలో పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ మగ్గించి, కడిగిన పుంటికూర వేస్తే రెండు మూడు నిమిషాల్లో పచ్చరంగు పోయి ముద్దవుతుంది. అప్పుడు పప్పులో కలిపి, ఉప్పు వేసి, ఒక ఉడుకు రానిచ్చి, చితక్కొట్టిన ఎల్లిగడ్డతో పోపు పెట్టండి. అల్యూమినియం గిన్నె వద్దు, ఆకులోని పులుపు దాన్ని తినేస్తుంది. మామిడికాయ పప్పుకూ, చింతచిగురు పప్పుకూ, టమాటా పప్పుకూ ఇదే వరస. ఒకటొస్తే నాలుగొచ్చినట్టే.

ఇప్పుడు జొన్న రొట్టె

ఇది మొదటి రోజు రాదు. రాకపోతే ఏం చేయాలో కూడా చెప్తాను.

పిండితో మొదలుపెట్టండి. ప్యాకెట్ పిండి ఎన్నాళ్ల కిందటిదో తెలియదు. జొన్నగింజలో ఉండే నూనె, పిండి పట్టాక గాలి తగిలి నెమ్మదిగా చేదెక్కుతుంది. అందుకే తెల్లజొన్నలు కొని, చెరిగి, గిర్నిలో రెండు కిలోలకు మించకుండా పట్టించుకోండి. పిండి నోట్లో వేసుకుంటే తియ్యగా ఉండాలి.

గోధుమపిండి సాగుతుంది, జొన్నపిండి సాగదు. అందులో ఆ జిగురు లేదు. ఆ పని వేడినీళ్లు చేయాలి. ముప్పావు గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి తెర్లనివ్వండి. గ్లాసు పిండి పళ్లెంలో పోసి, మధ్యలో గుంట చేసి, మరిగే నీళ్లు పోసి గంటెతో కలపండి. చెయ్యి పట్టగలిగే వేడికి వచ్చాక అరచేతి మడమతో నెట్టి నెట్టి పిసకండి, ఐదు నిమిషాలకు తగ్గొద్దు. పిండి చెవి తమ్మెలా మెత్తగా అయితే అయినట్టు. ఒకేసారి ఐదారు రొట్టెలకు కలిపి పెట్టుకోకండి, ఆరిపోతుంది. ఒక్కో రొట్టెకు ఒక్కో ముద్ద తీసి మళ్లీ పిసకాలి, మిగతాదాని మీద తడిగుడ్డ.

రొట్టెల పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను పెట్టి, ఒక చేత్తో కొడుతూ రెండో చేత్తో అంచు ఆపుతూ తిప్పండి. అంచులు పగులుతాయి. కంగారొద్దు, తడివేలితో అతికించి మళ్లీ కొట్టండి. మరీ పగులుతుంటే నీళ్లు మరగలేదనో, పిసకడం చాలలేదనో లెక్క. ముద్దను మళ్లీ కలిపేయండి. లేపేటప్పుడు విరుగుతుంటే మొదటి వారం తడిపిన నూలుగుడ్డ మీద తట్టి, గుడ్డతో సహా పెంక మీద బోర్లించి గుడ్డ లాగేయండి. దీన్ని చూసి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

పెంక బాగా కాలాలి. నాలుగు నీటిచుక్కలు చల్లితే గంతులేసి మాయమైపోవాలి. పొడిపిండి ఉన్న వైపు పైకి వచ్చేట్టు రొట్టె వేసి, తడిచేత్తో పైనంతా నీళ్లు తుడవండి. ఆ తడి ఆరగానే తిప్పండి. రెండో వైపు మచ్చలు పడ్డాక, గుడ్డతో అంచులు నొక్కుతూ తిప్పితే రొట్టె ఉబ్బుతుంది. ఉబ్బకపోయినా రొట్టే.

ఇంకో దారి చెప్తాను. తెలంగాణ పట్నాల్లో సాయంత్రమైతే రోడ్డు పక్కన పొయ్యిలు పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్మే అక్కలుంటారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించక ముందు నుంచే వాళ్లు ఆ పనిలో ఉన్నారు. రెండు రొట్టెలు కొని, తొందరపడకుండా నిలబడి ఆమె చేతులు చూడండి. నీళ్లు ఎంత పోస్తుందో, ఎప్పుడు తిప్పుతుందో చూడండి. గిరాకీ తక్కువున్న వేళ పోయి "అక్కా, నాకు అంచు పగులుతుంది, ఏం చేయాలె?" అని అడిగితే ముద్ద చేతిలో పెట్టి చూపిస్తుంది.

ఎండాకాలం వస్తే

ఈ ఊరికి పేరు తెచ్చింది మామిడి. పండుకు బేనిషానే బేనిషాన్, మారుమాట లేదు. కానీ తొక్కుకు దాన్ని వాడకండి, మెత్తబడిపోతుంది. పీచున్న పుల్లటి నాటుకాయ అడిగి తీసుకోండి. గాలిదుమారం వచ్చిన మర్నాడు బజారుకు పోతే రాలిన కాయ చవకగా దొరుకుతుంది. ముక్కలు కోసి ఉప్పు పట్టించి మేడ మీద ఎండబెడితే ఒరుగులైపోతాయి, వానాకాలం పప్పులోకి పులుపు వెతుక్కోనక్కర్లేదు. మొదటి ఏడాదే ఆవకాయ జాడీలు పెట్టాలని ఉబలాటపడొద్దు. నాలుగు కాయలు తురిమి, ఉప్పు, కారం, ఎల్లిగడ్డ, మెంతిపొడి కలిపి పోపు పెట్టిన తురుము తొక్కు పదిహేను రోజుల్లో ఖాళీ అవుతుంది, పాడయ్యే భయమూ ఉండదు.

సోమశిల నుంచి కృష్ణ చేపలు వస్తాయి. ఎవరో ఒకరు ఊరిస్తారు. ఆ చిన్న గదిలో చేప కడిగితే వాసన రెండు రోజులు పోదు. అమ్మేచోటే కోయించి, శుభ్రం చేయించి, ఉప్పు, పసుపు రాసి తెచ్చుకోండి. అదీ పప్పు చేయి తిరిగాకే.

వడ్డన

జొన్న రొట్టె పెంక మీది నుంచి కంచంలోకి రావాలి. హాట్‌బాక్సులో పెడితే చెమ్మగిల్లి సాగుతుంది. దాంతో చేసేవాళ్లు అందరి తర్వాత తింటారు, ఆ వేళకు కూర అడుగున ఉంటుంది. ఎన్నో ఇళ్లలో ఇలాగే నడుస్తున్నది. పీట వేయమన్నది ఇందుకే. మొదటి రెండు రొట్టెలు పీట మీదివాళ్లు తినాలి. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని పొయ్యి దగ్గరికి రావాలి, వండినవాళ్లు పీట మీద కూర్చోవాలి. వాళ్ల రొట్టె గుండ్రంగా రాదు, రానవసరం లేదు. ముగ్గురొచ్చిన రోజు రొట్టెలు మానేసి, అన్నం వండి, పచ్చి పులుసులో గ్లాసెడు నీళ్లు, చిటికెడు ఉప్పు పెంచండి. మిగిలిన రొట్టె పొద్దున పెరుగులోనో సల్లలోనో నానేసి, పచ్చి ఉల్లిగడ్డతో తినండి.