జపాన్, చైనా, పర్షియా చదువులు: డిగ్రీ విద్యార్థి హక్కులు, నిబంధనలు

ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయో అబ్బాయో "ఆసియా దేశాల సంస్కృతి, సమాజం చదువుతా" అంటే ఇంట్లో రెండు ప్రశ్నలు లేస్తాయి. ఉద్యోగం వస్తుందా? అసలు అది డిగ్రీయేనా? మొదటిదానికి తలా ఒక జవాబు చెబుతారు. రెండోదానికీ, దాని వెంట వచ్చే సీటు, ఫీజు, మార్కుల తగాదాలకూ మాత్రం రాసిపెట్టిన జవాబులున్నాయి. కన్సల్టెన్సీల కరపత్రాల్లో అవి కనబడవు కాబట్టి ఇక్కడ చెప్పుకుందాం.

"ఏషియన్ స్టడీస్‌లో బీఏ" అని వెతికితే మన దేశంలో దాదాపు ఏమీ దొరకడం లేదు. ఎక్కడుంది ఆ కోర్సు?

భాష పేరు వెనక ఉంది. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జేఎన్‌యూ)లో జపనీస్, చైనీస్, కొరియన్, పర్షియన్, అరబిక్‌లలో బీఏ ఆనర్స్ ఉంది. శాంతినికేతన్‌లోని విశ్వభారతిలో చీనా భవన్ 1937 నుంచి నడుస్తోంది. టాగూర్ పిలుపు మీద వచ్చిన తాన్ యున్‌షాన్ దాన్ని నిలబెట్టాడు. జపనీస్‌కు అక్కడే నిప్పన్ భవన్ ఉంది. హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఉంది. ఈ కోర్సుల్లో మొదటి ఏళ్లు ఎక్కువగా లిపికి, వ్యాకరణానికి, సంభాషణకు పోతాయి. ఆ దేశపు చరిత్ర, సాహిత్యం, సమాజం పేపర్లు వాటి పక్కన నడుస్తాయి. భాష పట్టు లేకుండా సమాజం మాత్రమే చదవాలనుకునేవాళ్లకు మన దగ్గర డిగ్రీ స్థాయిలో చోటు తక్కువ. అలాంటివాళ్లు చరిత్రలోనో రాజనీతిలోనో బీఏ చేసి, ఎంఏకి ఢిల్లీ విశ్వవిద్యాలయపు తూర్పు ఆసియా విభాగానికో జేఎన్‌యూ అంతర్జాతీయ అధ్యయనాల విభాగానికో వెళ్లడం మేలు.

ఆసియా అంటే కొరియా సీరియళ్లు, జపాన్ కార్టూన్లు అనుకునే కాలం ఇది. కానీ హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర అభిలేఖాగారంలో మొగలుల కాలం నాటి పర్షియన్ కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. వాటిని చదవగలిగేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఏడో శతాబ్దంలో మన ధాన్యకటకం చూసి వెళ్లిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ తన కథ రాసుకున్నది చైనీస్‌లో. మన చరిత్ర కోసమే ఈ భాషలు నేర్చుకోవచ్చన్న సంగతి సీట్లు ఎంచుకునే పిల్లలకు ఎవరూ చెప్పరు.

జపనీస్ బీఏతో గ్రూప్-1, బ్యాంకు, సివిల్స్ పరీక్షలు రాయనిస్తారా?

రాయనిస్తారు. డిగ్రీ ఇచ్చే హక్కు ఎవరికి ఉందో 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చట్టం 22వ సెక్షన్ చెబుతుంది. ఆ హక్కున్న విశ్వవిద్యాలయం ఇచ్చిన బీఏ ఏ సబ్జెక్టుదైనా బీఏయే. "ఏదైనా డిగ్రీ" అన్న ప్రతి ప్రకటనకూ అది చెల్లుతుంది. ఒక్క మెలిక ఉంది. సివిల్స్ మెయిన్స్‌లో చైనీస్, అరబిక్, పర్షియన్ సాహిత్యాలు ఒకప్పుడు ఐచ్ఛికాంశాలుగా ఉండేవి. 2013లో తీసేశారు. కాబట్టి ఈ బీఏ చేసినవాళ్లు ఐచ్ఛికాన్ని వేరే చోట వెతుక్కోవాలి.

డిగ్రీనీ సర్టిఫికెట్‌నీ కలపొద్దు. జపనీస్‌కు జేఎల్‌పీటీ, కొరియన్‌కు టోపిక్, చైనీస్‌కు హెచ్‌ఎస్‌కే అనేవి భాషా సామర్థ్య పరీక్షలు. పెనుకొండ దగ్గరి కియాలోనో శ్రీసిటీలోని జపాన్ కంపెనీల్లోనో దుబాసీ పనికి వెళ్తే ముందు వాటినే అడగొచ్చు. గ్రూప్-1 దరఖాస్తులో మాత్రం వాటికి విలువ లేదు. టోపిక్ ఫలితం రెండేళ్లే చెల్లుతుందని కూడా గుర్తుంచుకోండి. యూజీసీ నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా ప్రకటిస్తుంటుంది, అందులో ఆంధ్రప్రదేశ్ చిరునామాలూ కనిపించాయి. ఫీజు కట్టేముందు ఆ జాబితా ఒకసారి చూడటానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు.

ఎంపీసీ చదివాను, ఒక్క జపనీస్ అక్షరమూ రాదు. అర్హత ఉందా?

ఉంది. పాఠం అక్షరాల దగ్గరే మొదలవుతుంది. జేఎన్‌యూ డిగ్రీ ప్రవేశాలు 2022 నుంచి విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష (సీయూఈటీ) ద్వారా జరుగుతున్నాయి. ఆ పరీక్ష నిర్వహించే 13 భాషల్లో తెలుగు ఉంది. ఏయే పేపర్లు రాయాలో ప్రతి విశ్వవిద్యాలయం వేరుగా చెబుతుంది, వాటిని దరఖాస్తులోనే ఎంచుకోవాలి. మన పిల్లలు సీటు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. ఇంటర్ పరీక్షల హడావుడిలో ఫారం ఎవరి చేతనో నింపించి, ఇంగ్లిష్ పేపరో జనరల్ టెస్టో వదిలేస్తారు. ఆ తర్వాత ఎంత మంచి మార్కులొచ్చినా లెక్కలోకి రావు.

మాది బీసీ-డి. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆ రిజర్వేషన్ పనిచేస్తుందా?

బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అన్న విభజన రాష్ట్రానిది. కేంద్రంలో ఓబీసీ అన్న ఒకే గంప, దానికి 27 శాతం. ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఆర్థికంగా బలహీనవర్గమైన ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం. మన లోకల్, నాన్‌లోకల్ లెక్క అక్కడ లేదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినంత మాత్రాన ఇఫ్లూలో అదనంగా ఏమీ రాదు.

రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. మీ కులం పేరు కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే తహసీల్దార్ దగ్గర కేంద్ర నమూనాలో, క్రీమీలేయర్ కాదన్న మాటతో సహా సర్టిఫికెట్ తీసుకోవాలి. మీసేవలో అలవాటుగా ఇచ్చే రాష్ట్ర కుల ధ్రువీకరణ పత్రం చెల్లదు. కౌన్సెలింగ్ రోజున ఆ పత్రం పట్టుకుని వెళ్లి జనరల్ కోటాలోకి జారిపోయేవాళ్లు ఉంటారు. అందుకే డిసెంబరులోనే ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టండి, పాత ఆర్థిక సంవత్సరపు పత్రం ఒప్పుకోకపోతే ఏప్రిల్‌లో మళ్లీ తీసుకోండి. కేంద్ర జాబితాలో పేరు లేకపోతే, కేంద్ర కోటాల వరకు మీరు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పరిధిలో లేనట్టే. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, సాగుభూమి 5 ఎకరాల లోపు ఉండటం వంటి షరతులు సరిపోతే ఈడబ్ల్యూఎస్ అడగవచ్చు. "మీరు బీసీ కదా, ఎలా ఇస్తాం" అని ఆఫీసులో అంటే ఈ తేడానే వివరించాల్సి వస్తుంది.

40 శాతం లేదా అంతకుమించి వైకల్యం ఉన్నవాళ్లకు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కనీసం 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు ఇచ్చింది.

చేరాక ఇంజినీరింగ్ సీటు వచ్చింది. కట్టిన డబ్బు, ఇచ్చిన సర్టిఫికెట్లు తిరిగిస్తారా?

సర్టిఫికెట్ల సంగతి ముందు. సరిచూసి అప్పుడే వెనక్కి ఇచ్చేయాలి, తమ దగ్గర అట్టేపెట్టుకునే హక్కు ఏ కాలేజీకీ లేదని యూజీసీ 2018లోనే తేల్చింది. "ఫీజు మొత్తం కడితేనే ఇస్తాం" అనడం నిబంధనకు విరుద్ధం.

డబ్బుకు అదే ప్రకటనలో ఒక పట్టీ ఉంది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా ఇంకా ముందే మానుకుంటే మొత్తం తిరిగొస్తుంది, కాగితాల ఖర్చు కింద 5 శాతం, అదీ 5,000 రూపాయలకు మించకుండా కోస్తారు. 15 రోజుల లోపైతే 90 శాతం. చివరి తేదీ దాటాక 15 రోజుల వరకు 80, ముప్ఫయ్యో రోజు వరకు 50, ఆపైన సున్నా. కాషన్ డిపాజిట్ ఈ లెక్కలోకి రాదు, అది పూర్తిగా మీదే. రాతపూర్వకంగా అడిగిన 15 రోజుల్లో చెల్లించాలి. కొన్ని విద్యాసంవత్సరాలకు ఇంతకన్నా ఉదారమైన ఉత్తర్వులు విడిగా వచ్చాయి. 2024-25లో సెప్టెంబరు 30 దాకా పైసా కోత లేకుండా ఇవ్వాలన్నారు. మీ ఏడాది ఉత్తర్వు చూసుకోండి. ఫోన్లో "మానేస్తున్నా" అని చెప్పి ఊరుకుంటే రోజులు లెక్కకు రావు. ఈమెయిల్ పంపిన తేదీయే మీకు ఆధారం.

బీటెక్ చేస్తూ ఈ బీఏ కూడా చేయవచ్చా?

2022 ఏప్రిల్ నుంచి రెండు డిగ్రీలు ఒకేసారి చదవవచ్చు. రెండూ తరగతికి వెళ్లి చదివేవైతే వేళలు ఒకదానిపై ఒకటి పడకూడదు. ఒకటి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో అయితే ఆ చిక్కు లేదు. నిబంధన ఒప్పుకున్నా, రోజూ క్లాసులుండే జపనీస్ బీఏని బీటెక్ పక్కన నడపడం జరిగే పని కాదు. సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో సర్టిఫికెట్ కోర్సుతో మొదలుపెట్టి చూడండి.

మధ్యలో మానేస్తే చదివింది వృథానా?

నూతన విద్యావిధానం ప్రకారం యూజీసీ 2022లో ఇచ్చిన చట్రంలో, ఏడాది చదివి 40 క్రెడిట్లు సంపాదించి, వేసవిలో వృత్తి కోర్సో ఇంటర్న్‌షిప్పో చేసి బయటికి వస్తే సర్టిఫికెట్, అలాగే రెండేళ్లకు డిప్లొమా ఇస్తారు. మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు ఆనర్స్. మానేసినవాళ్లు మూడేళ్లలోపు తిరిగి చేరి, మొత్తం ఏడేళ్లలో పూర్తిచేయవచ్చు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉంటే నాలుగో ఏడు పరిశోధనతో ఆనర్స్‌కు వెళ్లవచ్చు. దీన్ని ఎవరు ఎంతవరకు అమలుచేస్తున్నారో విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది, దాని ఆర్డినెన్స్ (నిబంధనావళి) అడిగి చదవండి.

ఏడాది సర్టిఫికెట్‌ను మాత్రం పెద్దగా నమ్ముకోకండి. గణితంలోనో వాణిజ్యంలోనో ఏడాది చదువు ఎంతోకొంత పనికొస్తుంది. ఏడాది చైనీస్‌తో ఆ దేశపు దినపత్రిక ఒక పేజీ కూడా చదవలేరు. ఈ చదువులో ఫలం మూడో ఏట గానీ కనబడదు. మానాలనుకుంటే మొదటి సెమిస్టర్‌లోనే మానండి.

మౌఖిక పరీక్షలో అన్యాయంగా మార్కులు కోశారనిపించింది. ఏం చేయాలి?

రాత పరీక్షైతే దారి సులువు. జవాబుపత్రం చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ కేసులో చెప్పింది. కేంద్రీయ విశ్వవిద్యాలయమైతే 10 రూపాయలతో దరఖాస్తు, నకలుకు పేజీకి 2 రూపాయలు, 30 రోజుల్లో జవాబు.

భాషా కోర్సుల్లో చిక్కంతా సంభాషణ, ఉచ్చారణ, అంతర్గత మూల్యాంకనం దగ్గరుంది. మాట గాల్లో కలిసిపోతుంది. లేని కాగితాన్ని ఏ చట్టమూ తెప్పించలేదు. ఉన్న కాగితాన్ని అడగండి: పరీక్షకుడు నింపిన మార్కుల పట్టిక, దేనికెన్ని మార్కులన్న విభజన. ఇంకా మంచిది, సెమిస్టర్ మొదట్లోనే ఆ విభజనను టీచర్‌కు మెయిల్ రాసి తెలుసుకోవడం. ఈ మాటే మార్కులొచ్చాక అడిగితే తగవవుతుంది, ఆగస్టులో మర్యాదగా అడిగితే సిలబస్ సందేహమవుతుంది.

తేలకపోతే యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో అది నివేదిక ఇవ్వాలి. నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు. అక్కడ 30 రోజుల్లో తేల్చాలి.

తరగతిలో ఈశాన్య రాష్ట్రాల స్నేహితురాలిని రూపాన్ని బట్టి ఎగతాళి చేస్తున్నారు. అది "సరదా"యేనా?

కాదు, ర్యాగింగ్. జాతి, కులం, రంగు, ప్రాంతం పేరిట వేధించడాన్ని యూజీసీ 2016 సవరణతో ర్యాగింగ్ నిర్వచనంలో చేర్చారు. ఉచిత ఫోన్ నంబరు 1800-180-5522. చూసిన మీరూ ఫిర్యాదు చేయవచ్చు. ఆసియా సంస్కృతులు చదివే తరగతిలోనే ఇలా జరగడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

జపాన్ వెళ్లి చదువుతూ ఉద్యోగం చేస్తే ఖర్చు గడిచిపోతుందని కన్సల్టెన్సీ వాళ్లంటున్నారు.

విద్యార్థి వీసా ఒక్కదానితో అక్కడ పనిచేయకూడదు, విడిగా అనుమతి తీసుకోవాలి. అది ఉన్నా వారానికి 28 గంటలే. వేసవి వంటి దీర్ఘ సెలవుల్లో రోజుకు 8 గంటలు. బార్లు, క్యాబరేల వంటి చోట్ల పని పూర్తిగా నిషిద్ధం. గీత దాటితే వీసా పొడిగింపు పోవచ్చు, దేశం నుంచి పంపించేయవచ్చు కూడా. 28 గంటల జీతం టోక్యో అద్దెను, ఫీజును రెండింటినీ మోయదు. మోస్తుందని చెప్పేవాళ్లు కమిషన్ కోసం చెబుతున్నారనే నా అభిప్రాయం. డబ్బు లేనివాళ్లు అడగాల్సింది జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ ఉపకారవేతనం. రాయబార కార్యాలయం ద్వారా ఎంపిక జరుగుతుంది. డిగ్రీ విద్యార్థికి ఏడాది భాషా శిక్షణతో కలిపి ఐదేళ్లు, ఫీజు మాఫీ, విమాన టికెట్, ఇటీవలి సంవత్సరాల్లో నెలకు 1,17,000 యెన్‌లు. పోటీ తీవ్రంగా ఉంటుంది.

మీ పాస్‌పోర్ట్‌ను ఏజెంటు తన దగ్గర పెట్టుకుంటానంటే ఇవ్వకండి. పాస్‌పోర్ట్ భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం చెబుతుంది.

అక్కడి డిగ్రీ ఇక్కడ చెల్లుతుందా?

తుల్యత ధ్రువీకరణ తీసుకోవాలి. ఇదివరకు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఇచ్చేది, 2025 ఏప్రిల్‌లో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చి తానే ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ సంస్థకు ఆ దేశంలో గుర్తింపు ఉండాలి, ఫ్రాంచైజీ ఒప్పందాల మీద నడిచే కోర్సు అయితే లెక్కలోకి రాదు. చేరేముందే సిలబస్, క్రెడిట్ల వివరాలు, ప్రవేశ అర్హత ఉన్న పత్రాలను పీడీఎఫ్‌గా దాచుకోండి. నాలుగేళ్ల తర్వాత ఆ వెబ్‌సైట్ అలాగే ఉండదు.