బిళ్ళగన్నేరూ, మా ఇంటి పిల్లీ

వడ్ల గాదె ఉన్న ఇంట్లో పిల్లి లేకపోతే గడవదు. అందుకని మా ఇంట్లో అదీ ఒక మనిషి కిందే లెక్క. పోయిన సంక్రాంతి సెలవుల్లో అది పెరట్లో బిళ్ళగన్నేరు ఆకు కొరుకుతూ నా కంటబడింది. "గడ్డి కొరకదూ, ఇదీ అంతేరా, ఏం కాదు" అంది నాయనమ్మ. బి.యస్సి. లో బోటనీ చదువుతున్న నాకు అవుననడానికీ, కాదనడానికీ నోరు రాలేదు. సిగ్గేసి, తిరిగొచ్చాక లైబ్రరీ పట్టుకున్నాను.

ఈ మొక్క శాస్త్రీయనామం కేథరాంథస్ రోసియస్. వింకా రోసియా అన్నది పాత పేరు. పుట్టిల్లు మడగాస్కర్. నీళ్లు పోసినా పోయకపోయినా ఏడాది పొడుగునా పూస్తుంది గనుక తమిళులు నిత్యకల్యాణి అంటారు. ఎర్రగన్నేరుకు ఇది చుట్టమే, రెండూ ఎపోసైనేసీ కుటుంబానివే. కాని విషం తీరు వేరు. ఎర్రగన్నేరులోని ఓలియాండ్రిన్ గుండెను పట్టుకుంటుంది. గొడ్డు గన్నేరు మేస్తే దక్కదని మా ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు. బిళ్ళగన్నేరు దెబ్బ కణం మీద.

కణవిభజనలో క్రోమోజోములను చెరో వైపుకూ లాగే కండె తంతువులను మనం ప్రాక్టికల్స్‌లో ఉల్లివేరు కొనల్లో చూశాం గదా. అవి ట్యూబులిన్ అనే ప్రోటీనుతో తయారవుతాయి. ఈ మొక్కలోని ఆల్కలాయిడ్లు ట్యూబులిన్‌కు అంటుకుని ఆ తంతువులను కట్టనివ్వవు. కణం సగంలో ఆగి చస్తుంది.

ఇది బయటపడిన తీరు తమాషా అయినది. జమైకాలో ఈ ఆకు కషాయం చక్కెర జబ్బుకు తాగేవారు. అది విని కెనడాలో రాబర్ట్ నోబుల్ బృందం ఎలుకలకు ఆకు సారం నోటి ద్వారా పట్టించి చూసింది. చక్కెర తగ్గలేదు. సూది ద్వారా ఎక్కిస్తే ఎలుకలు అంటురోగాలతో చచ్చిపోయాయి. చూస్తే వాటి రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి! అలా 1958లో విన్‌బ్లాస్టిన్ లోకానికి తెలిసింది. తరవాత వచ్చిన విన్‌క్రిస్టిన్ పసిపిల్లల రక్త కేన్సరుకు నేటికీ మందు. పిల్లులకు వచ్చే లింఫోమాకు కూడా పశువైద్యులు దాన్నే వాడతారు.

మరి మా పిల్లి సంగతి? క్షేమం కాదు. ఆకు చేదు గనుక చాలా పిల్లులు ఒక కొరుకుతో వదిలేస్తాయి. ఎక్కువ తింటే వాంతులు, విరేచనాలు, రక్తపుపోటు పడిపోవడం, వణుకు, మూర్ఛ, ప్రాణం మీదికి కూడా రావచ్చు. విరుగుడు లేదు. ఉప్పునీళ్లు తాగించి కక్కించబోకుండా, ఒక రెమ్మ తుంచుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. (బొకేల్లో కట్టే అసలు లిల్లీ ఇంతకంటే ప్రమాదం, దాని పుప్పొడి నాకినా పిల్లికి మూత్రపిండాలు పోతాయి. మన బజార్లో లిల్లీ అని అమ్మే నేలసంపెంగ వేరు. గులాబీ, మల్లెలతో భయం లేదు.)

అసలు చిక్కు పిల్లితో కాదు, తాతయ్యతో వచ్చింది. ఆయన చక్కెర జబ్బుకని రోజూ పొద్దున్నే ఇదే ఆకు నములుతున్నాడు. ఎలుకల కథ చెప్పాను. "ఎలుకతో నాకు పోలికేమిట్రా?" అని కసిరాడు. తెల్లకణాలు తగ్గితే చిన్న పుండు కూడా మానదని చెబితే మాత్రం కాలి బొటనవేలి కేసి చూసుకున్నాడు. మొన్న ఉగాదికి వెళ్లేసరికి మొక్క గోడ అవతలికి మారింది. తాతయ్య ఊళ్లో లేడు, నాన్నతో కలిసి రక్తపరీక్షకు వెళ్లాడట.